ఏ కార్డ్? ఈ కార్డ్!

"ఏ కార్డ్ దగ్గర ఆగిపోతున్నావు రా?"

"ఈ కార్డ్ దగ్గర అక్కా."

"అదే అడుగుతున్నా, ఏ కార్డ్?"

"ఏ కాదక్కా, ఈ!"

మన క్లబ్ రూమ్‌లో రిహార్సల్ అప్పుడు నిజంగా జరిగిన డైలాగ్ ఇది. ఇంగ్లీషు అక్షరాలని తెలుగులో పలికితే వచ్చే తిప్పలు! అందరం కాసేపు నవ్వుకున్నాం. నవ్వు అయిపోయాక చూస్తే నా సమస్య మాత్రం అక్కడే ఉంది. ఉకులేలే మీద నాకు 'ఈ' మేజర్ కార్డ్ రాదు. ప్రోగ్రామ్‌కి 16 రోజులే టైమ్ ఉంది.

ఆ 16 రోజుల్లో నేను తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను. ఉకులేలే ఉన్నవాళ్ళు పక్కన పెట్టుకుని చదవండి. లేనివాళ్ళు కూడా చదవచ్చు, ఎందుకంటే ఇందులో సగం సంగీతం, సగం మనం ఫస్ట్ ఇయర్‌లో చేసిన లెక్కలే.

గాలిగోపురం దాటాక

అలిపిరి మెట్ల దారిలో కొండ ఎక్కినవాళ్ళకి ఈ కార్డ్ సంగతి వెంటనే అర్థమవుతుంది. మొదట గాలిగోపురం దాకా ఊపిరి ఆడదు. అది దాటాక దారి చదునుగా ఉంటుంది, జింకల్ని చూసుకుంటూ, కబుర్లు చెప్పుకుంటూ నడుస్తాం. ఇంతేనా అనిపిస్తుంది. సరిగ్గా అప్పుడు వస్తుంది మోకాళ్ల మెట్టు.

ఉకులేలే కూడా అచ్చం అంతే. 'సీ' కార్డ్‌కి ఒక్క వేలు చాలు. 'ఏ మైనర్'కి కూడా ఒక్కటే. 'ఎఫ్'కి రెండు వేళ్ళు, 'జీ'కి మూడు. ఈ నాలుగూ వస్తే బోలెడు సినిమా పాటలు వాయించేయొచ్చు, హాస్టల్‌లో మనమే హీరో. ఆ ధైర్యంతో ముందుకు పోతే 'ఈ' మేజర్ తగులుతుంది. వీణలో ఫ్రెట్‌ని మెట్టు అంటారు కదా, అందుకే నేను దీనికి మోకాళ్ల మెట్టు అనే పేరు పెట్టుకున్నాను. ఇక్కడ నొచ్చేది మాత్రం వేళ్ళు.

పాటని జరిపేద్దామనుకున్నా

మేము చేస్తున్నది ఒక లలిత గీతం. పాడేది మా సీనియర్ అక్క. గిటార్ నా రూమ్‌మేట్, ఉకులేలే నేను. అక్క పాడే కీ 'ఏ'. అంటే పాట మొత్తం మూడు కార్డ్‌లు: ఏ, డీ, ఈ.

"గిటార్‌లో మూడూ ఓపెన్ కార్డులే గదరా, కళ్ళు మూసుకోని కొట్టొచ్చు" అన్నాడు రూమ్‌మేట్. వాడికేం, అన్నాడు.

నాకు వచ్చిన మొదటి ఐడియా ఏంటంటే పాటనే జరిపేయడం. కీ 'సీ'కి మారిస్తే సీ, ఎఫ్, జీ చాలు, అన్నీ నాకు వచ్చినవే. అక్క సరే అని పాడి చూసింది. చరణంలో పై గాంధారం దగ్గర గొంతు పిండినట్టు అయింది. అయితే కిందికి, 'జీ'కి దించుదాం అన్నాను. ఈసారి పల్లవిలో కింది స్వరాలు గాలిలాగా వచ్చాయి, మాట వినిపించలేదు.

"పాట నా గొంతుకి సరిపోయే చోట ఉంది రా. నీ వేళ్ళ కోసం దాన్ని జరపమంటే ఎట్ల?" అంది. కోపంగా ఏం అనలేదు, నవ్వుతూనే అంది. కానీ నాకు సిగ్గేసింది. పాట వినడానికి వచ్చేవాళ్ళు మాట కోసం వస్తారు, నా వేళ్ళ సౌకర్యం కోసం కాదు.

కర్ణాటక సంగీతం నేర్చుకున్నవాళ్ళకి ఇది మొదటి రోజు పాఠం. ముందు గొంతుకి తగ్గ శ్రుతి, తర్వాతే మిగతావన్నీ. ఒకటి శ్రుతి అంటే 'సీ', రెండు 'డీ', మూడు 'ఈ', నాలుగు 'ఎఫ్', ఐదు 'జీ', ఆరు 'ఏ'. అక్క ఆరు శ్రుతిలో పాడుతుంది. ఆ షడ్జం ఎక్కడుందో అదే మాకు పునాది.

సీఎస్ఈ వాళ్ళకి ఒక్క ముక్కలో చెప్తాను. స రి గ మ అనేవి రిలేటివ్ అడ్రస్‌లు, ఏ బీ సీ డీ అనేవి ఆబ్సొల్యూట్ అడ్రస్‌లు. బేస్ అడ్రస్, అంటే షడ్జం, పాడేవాళ్ళని బట్టి మారుతుంది. అక్క 'ప' అంటుంది, నా వేళ్ళు దాన్ని 'ఈ'గా అర్థం చేసుకోవాలి.

ఈ రెండు పద్ధతులూ కలుసుకున్న ఒక పెద్ద సందర్భం మన చిత్తూరు సీమలోనే జరిగింది. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ మదనపల్లె థియొసాఫికల్ కాలేజీకి వచ్చి, జనగణమన పాడి వినిపించారు, అక్కడే దాన్ని ఇంగ్లీషులోకి అనువదించారు. ఆ కాలేజీ ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ భార్య మార్గరెట్ కజిన్స్ ఐర్లండ్‌లో పాశ్చాత్య సంగీతంలో డిగ్రీ చేసిన మనిషి. ఆమే ఆ పాటకి నొటేషన్ రాశారు. చెవితో విని నేర్చుకునే పాటని, ఏ స్వరం ఎక్కడ పడాలో కాగితం మీద చూపించే పని అది. మనలాంటి వాళ్ళం ఒక తెలుగు పాట పక్కన ఏ, డీ, ఈ అని రాసుకోవడం కూడా అలాంటి పనే, చాలా చిన్న సైజులో.

ఈ కార్డ్ లేకపోతే ఏమవుతుంది?

కార్డ్ అంటే కలిసి మోగే స్వరాల గుంపు. మేజర్ కార్డ్ తయారీ సులభం: ఒక స్వరం తీసుకో, ఒకటి వదిలెయ్, ఇంకోటి తీసుకో, మళ్ళీ ఒకటి వదిలెయ్, ఇంకోటి తీసుకో. శంకరాభరణం స్వరాలతో చేస్తే మూడు మేజర్ కార్డ్‌లు వస్తాయి.

స గ ప: అక్క శ్రుతిలో ఇది 'ఏ' కార్డ్.
మ ద స: ఇది 'డీ' కార్డ్.
ప ని రి: ఇది 'ఈ' కార్డ్.

మూడోదాంట్లో 'ని' ఉంది చూడండి. శంకరాభరణంలో 'ని'కి, పై 'స'కి మధ్య ఒక్క మెట్టే దూరం. 'స రి గ మ ప ద ని' అని పాడి అక్కడే ఆగి చూడండి, ఒంటికాలి మీద నిలబడినట్టు ఉంటుంది. ఆ 'ని' షడ్జం వైపు లాగుతుంది. పాటలో లైన్ ముగించి మళ్ళీ 'స' దగ్గరికి రావాలంటే ఆ లాగుడు కావాలి. అందుకే 'ఈ' కార్డ్‌ని ఎగ్గొట్టడం కుదరదు. మొదటి రిహార్సల్‌లో నేను అక్కడ చెయ్యి ఆపేసి ఊరుకున్నాను. నిచ్చెనలో ఒక మెట్టు ఊడిపోయినట్టు వినిపించింది.

నట్ చేసిన పని

ఉకులేలే నాలుగు తీగలు పైనుంచి కిందికి జీ, సీ, ఈ, ఏ. ఒక్కో ఫ్రెట్ దాటితే ఒక్కో అర స్వరం పెరుగుతుంది. కార్డ్‌ని నాలుగు అంకెల్లో రాస్తాం, ఏ తీగ మీద ఎన్నో ఫ్రెట్ అని. సున్నా అంటే ఖాళీ తీగ.

'డీ' కార్డ్ 2-2-2-0. 'ఈ' కార్డ్ 4-4-4-2. ఈ రెండూ ఒకదాని కింద ఒకటి రాసి చూశాక నాకు లైట్ వెలిగింది. ప్రతి అంకెకీ రెండు కలిపారు, అంతే! అది కొత్త కార్డ్ కాదు. నాకు వచ్చిన 'డీ' కార్డే రెండు మెట్లు ముందుకి జరిగింది.

మరి 'డీ' అంత సులభంగా ఎందుకు వస్తుంది? ఎందుకంటే అక్కడ నాలుగో తీగ ఖాళీ. తీగలు మెడ మొదట్లో ఆనుకునే ఆ చిన్న పట్టీని నట్ అంటారు. 'డీ'లో ఆ నట్ ఒక వేలు చేయాల్సిన పని చేసేస్తోంది. రెండు మెట్లు జరిగాక నట్ వెనకే ఉండిపోయింది, ఇప్పుడు ఆ పని మన చూపుడు వేలు చేయాలి. ఇదే షేప్‌ని ఇంకో మెట్టు జరిపితే 5-5-5-3, అది 'ఎఫ్'. అంటే ఈ ఒక్క షేప్ వస్తే ఇక మెడ పొడవునా ఏ మేజర్ కార్డ్ అయినా పట్టుకోవచ్చు. కష్టపడేది ఒక్క కార్డ్ కోసమే కాదన్నమాట.

చోటు సమస్య కూడా ఉంది. ఫ్రెట్‌ల మధ్య దూరం ముందుకి పోయేకొద్దీ తగ్గుతుంది. నా దగ్గర ఉన్నది కాన్సర్ట్ సైజు, తీగ పొడవు దాదాపు 38 సెంటీమీటర్లు. లెక్క వేస్తే మొదటి ఫ్రెట్ వెడల్పు 21 మిల్లీమీటర్లు, నాలుగోది 18. తీగకీ తీగకీ మధ్య సెంటీమీటర్ కంటే తక్కువే. అంత చోట్లో మూడు వేళ్ళు వరసగా పెట్టాలి. సాయంత్రం ఆరు గంటలకి తిరుపతి బస్టాండ్‌లో తిరుమల బస్సు ఎక్కినట్టు ఉంటుంది.

వేళ్ళు ఎలా పెట్టాలి

మూడు దారులు ఉన్నాయి.

మొదటిది: చూపుడు వేలు 'ఏ' తీగ రెండో ఫ్రెట్ మీద, మధ్య వేలు, ఉంగరం వేలు, చిటికెన వేలు మిగతా మూడు తీగల నాలుగో ఫ్రెట్ మీద. సన్న వేళ్ళవాళ్ళకి బాగుంటుంది. నా వేళ్ళు పట్టలేదు.

రెండోది: ఉంగరం వేలిని పడుకోబెట్టి మూడు తీగల్నీ ఒకేసారి నొక్కడం. వేలి కొస గణుపు ఆ మూడింటి మీదే ఉండాలి, దాని వెనక కీలు కొంచెం వెనక్కి వంగి 'ఏ' తీగని తాకకుండా వంతెనలాగా లేవాలి. ఆ కీలు అందరికీ వంగదు. బలవంతం చేయొద్దు.

మూడోది: అదే పని చిటికెన వేలితో. చిన్న వేలు కదా, దాని కొస గణుపు సరిగ్గా మూడు తీగలకి సరిపోతుంది. బలం తక్కువ, రావడానికి టైమ్ పడుతుంది.

నేను రెండోది ఎంచుకున్నాను. మూడు రోజులు నాకు వచ్చిన బగ్ ఏంటంటే, వేలు వంగక 'ఏ' తీగని కూడా నాలుగో ఫ్రెట్ దగ్గర నొక్కేసేది. అప్పుడు అది 4-4-4-4 అవుతుంది. తమాషా ఏంటంటే అది తప్పు శబ్దం కాదు, 'సీ షార్ప్ మైనర్ సెవెన్' అనే వేరే కార్డ్! ఎర్రర్ రాలేదు, ప్రోగ్రామ్ రన్ అయింది, అవుట్‌పుట్ మాత్రం తప్పు. మనకి బాగా తెలిసిన బాధే. వినడానికి తియ్యగానే ఉంటుంది కాబట్టి తప్పని తెలియను కూడా తెలియదు.

దాన్ని పట్టుకోవడానికి ఒక టెస్ట్ దొరికింది. ఉకులేలేలో పై 'జీ' తీగ లావుగా మోగదు, దాన్ని పై స్థాయిలోనే శ్రుతి చేస్తారు. అందువల్ల 4-4-4-2 పట్టినప్పుడు మొదటి తీగ, చివరి తీగ రెండూ ఒకే 'బీ' స్వరం పలకాలి, స్థాయి కూడా ఒకటే. ఆ రెండు తీగల్ని విడివిడిగా మీటండి. ఒకేలా వినిపిస్తే కార్డ్ కరెక్ట్. తేడా ఉంటే వేలు ఎక్కడో తగులుతోంది.

ఇందులోనే ఒక ఉపాయం కూడా దాగుంది. చివరి తీగ చెప్పేది మొదటి తీగ ఆల్రెడీ చెప్పేస్తోంది కదా, కాబట్టి మొదటి రోజుల్లో 'ఏ' తీగని మోగకుండా చూపుడు వేలితో ఊరికే ఆనించి ఉంచినా మిగతా మూడు తీగల్లో 'ఈ, జీ షార్ప్, బీ' మూడూ ఉంటాయి. కార్డ్ పూర్తే. నేను మొదటి ఐదు రోజులు అలాగే వాయించాను. ఆ తర్వాతే చూపుడు వేలిని నొక్కడం మొదలుపెట్టాను.

ప్రాక్టీస్‌కి పనికొచ్చినవి:

'డీ' కార్డ్‌ని కూడా ఉంగరం వేలు పడుకోబెట్టే పట్టండి. అప్పుడు 'డీ' నుంచి 'ఈ'కి పోవడం అంటే అదే వేలిని రెండు మెట్లు జార్చి చూపుడు వేలు పెట్టడమే.

బొటనవేలు మెడ వెనక మధ్యలో ఉండాలి, పైకి తొంగి చూడకూడదు. అది పైకి వస్తే మిగతా వేళ్ళకి పొడవు చాలదు.

వేలిని ఫ్రెట్ కమ్మీకి దగ్గరగా పెట్టండి. సగం బలంతోనే తీగ మోగుతుంది. గట్టిగా నొక్కడం వల్ల కార్డ్ రాదు, చెయ్యి మాత్రం నొస్తుంది.

కార్డ్ పట్టు, నాలుగు తీగలూ ఒక్కొక్కటి మీటు, చెయ్యి పూర్తిగా తీసెయ్, మళ్ళీ పట్టు. పొద్దున ఐదు నిమిషాలు, రాత్రి ఐదు నిమిషాలు చాలు. మణికట్టు నొప్పి వస్తే ఆపేయండి.

తర్వాత మెట్రోనోమ్ 60 మీద పెట్టి నాలుగు దెబ్బలకి ఒక కార్డ్: ఏ, డీ, ఈ, ఏ. మార్పు దగ్గర తాళం తప్పితే స్పీడ్ తగ్గించండి.

625లో 3

ఒక రాత్రి ప్రాక్టీస్ విసుగొచ్చి ల్యాప్‌టాప్ తీశాను. నాలుగు తీగలు, ఒక్కోదాని మీద 0 నుంచి 4 దాకా ఐదు స్థానాలు. మొత్తం 5×5×5×5, అంటే 625 పట్లు. స్వరాలకి 0 నుంచి 11 దాకా నంబర్లు ఇచ్చి, నాలుగు ఫర్ లూప్‌లు, ఒక ఇఫ్ కండిషన్. 'ఈ' కార్డ్ స్వరాలు తప్ప వేరేవి ఉండకూడదు, మూడూ కచ్చితంగా ఉండాలి.

వచ్చినవి మూడే: 4-4-4-2, 1-4-4-2, 1-4-0-2. నాలుగోది 4-4-0-2 కొద్దిలో తప్పిపోయింది. అందులో 'జీ షార్ప్' లేదు, అంటే మన పాటలోని 'ని' లేదు. లాగుడే లేని కార్డ్ అది.

1-4-0-2 చూసి ఎగిరి గంతేశాను, మూడు వేళ్ళు చాలు! కానీ పట్టి చూస్తే చూపుడు వేలికీ చిటికెన వేలికీ మధ్య మూడు ఫ్రెట్‌ల సాగదీత, దాదాపు 57 మిల్లీమీటర్లు. 4-4-4-2లో అది 37 మాత్రమే. ఇరుకు వద్దనుకుంటే సాగదీత, సాగదీత వద్దనుకుంటే ఇరుకు. పెద్ద చేతులవాళ్ళు దీన్ని ట్రై చేయొచ్చు.

ఇంకో షార్ట్‌కట్ అందరూ చెప్పేదే: 'ఈ సెవెన్', 1-2-0-2. నిజంగానే సులభం. ఇందులో ప ని రి తో పాటు 'మ' కూడా కలుస్తుంది. 'ని' పైన 'స' వైపు, 'మ' కింద 'గ' వైపు, రెండూ లాగుతాయి. కాబట్టి వెంటనే 'ఏ' కార్డ్‌కి వెళ్ళే చోట ఇది ఇంకా బాగుంటుంది. మా పాట పల్లవిలో మొత్తం ఇదే వాడాను.

అయితే చరణం చివర అక్క పంచమం మీద మాటని నిలిపి, సంగీతం లేకుండా రెండు క్షణాలు ఆగుతుంది. అక్కడ 'ఈ సెవెన్' వేస్తే ఎవరో మాట మధ్యలో తోసినట్టు ఉంది, ఆగనివ్వదు. అక్కడ మామూలు 'ఈ' కార్డే నిలబడుతుంది. షార్ట్‌కట్‌లన్నీ వెతికాక కూడా పాటలో ఒక్క చోట మోకాళ్ల మెట్టు ఎక్కాల్సిందే. మొత్తం పాటలో రెండే సార్లు. ఆ రెండు సార్ల కోసమే 16 రోజులు.

ఆ రోజు

మొదటి చరణంలో శుభ్రంగా వచ్చింది. రెండో చరణంలో చివరి తీగ కొంచెం బుర్రుమంది. కింద కూర్చున్నవాళ్ళెవరికీ తెలియలేదు. అక్క ఆగాల్సిన చోట ఆగింది, మాట హాల్‌లో నిలబడింది, మళ్ళీ 'ఏ'కి వచ్చేశాం. దిగాక అక్క అన్నది ఒక్కటే మాట: "ఈసారి నీ కోసం చూసుకోకుండా పాడినా రా." అంతకు ముందు రిహార్సల్స్‌లో ఆ చోటు రాగానే తను నా చేతి వైపు చూసేదని నాకు అప్పుడే తెలిసింది.

రాత్రి రూమ్‌లో రూమ్‌మేట్ గిటార్ తీసి మెల్లగా అడిగాడు, "మామా, ఆ వేలు ఎట్ల వంచినావో ఒకసారి చూపీ." వాడికి 'బీ' మేజర్ రాదట. ఇన్నాళ్ళూ చెప్పలేదు. గిటార్ కింది నాలుగు తీగల మీద 'బీ' మేజర్ పట్టు కూడా 4-4-4-2నే. గిటార్ కింది నాలుగు తీగలని ఐదు మెట్లు పైకి జరిపితే అవే ఉకులేలే స్వరాలు, కాబట్టి షేప్ ఒకటే, పేరే వేరు. కళ్ళు మూసుకోని కొట్టొచ్చు అన్న మనిషి కళ్ళు పెద్దవి చేసుకుని తన ఉంగరం వేలి వైపు చూస్తున్నాడు.

"గట్టిగా నొక్కొద్దు" అన్నాను. "కమ్మీకి దగ్గరగా పెట్టు. ముందు చివరి తీగ వదిలెయ్."